మాస్టారూ, ఒక ప్రశ్న! – ఈ నెల: పాత అమెరికా తవ్వకాలు

ఈ నెల నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత అమెరికా గురించే. కొలంబస్‌కు ముందు అక్కడ ఎవరున్నారు, ఏం కట్టారు, తర్వాత వెళ్లినవాళ్లు ఏం చేశారు, ఇవన్నీ ఎలా తెలుస్తున్నాయి అని. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మా పాఠ్యపుస్తకంలో అమెరికా 1492లో మొదలయ్యేది. అంతకు ముందున్న వేల ఏళ్లకు ఒకే ఒక్క పేరా. రిటైరయ్యాక అక్కడున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు చోట్లు కళ్లారా చూశాను. అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే.

ప్రశ్న: మాస్టారూ, పెరూ ఎడారిలోని నాస్కా గీతలు ఆకాశం నుంచి చూస్తేనే కనిపిస్తాయట. విమానాలు లేని కాలంలో అంత పెద్ద బొమ్మలు మనుషులు ఎలా గీస్తారు? గ్రహాంతరవాసుల పనే అని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి

కాదు నాయనా. అవి గీసింది అక్కడి మనుషులే. ఎలా గీశారో కూడా తెలుసు.

ఆ ఎడారిలో నేల మీద పరుచుకున్న రాళ్లు కాలం గడిచేకొద్దీ తుప్పు రంగు పట్టి నల్లబడ్డాయి. వాటిని పక్కకు తీస్తే అడుగున లేత రంగు మట్టి బయటపడుతుంది. తీసిన రాళ్లను అంచు వెంబడి పేరిస్తే గీత తయారు. కావలసినవి కొయ్య మేకులు, తాళ్లు, ఓపిక. కొన్ని గీతల చివర ఆ మేకుల మొదళ్లు దొరికాయి కూడా. వాన దాదాపుగా పడని చోటు కాబట్టి గీసింది గీసినట్టు రెండు వేల ఏళ్లు నిలిచిపోయింది. ఆ బొమ్మల్లో ఉన్న పక్షులూ జంతువులే నాస్కా వాళ్ల కుండల మీదా ఉన్నాయి.

ఇక ఆకాశం సంగతి. చుట్టుపక్కల గుట్టలెక్కితే చాలా గీతలు మామూలుగానే కనిపిస్తాయి. 2024లో జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయం వాళ్లు ఏఐ సాయంతో పై నుంచి తీసిన ఫోటోలను జల్లెడ పట్టి 303 కొత్త బొమ్మలు కనిపెట్టారు. వాటిలో చాలామటుకు చిన్నవి, సగటున తొమ్మిది మీటర్లు. ఉన్నది ఎక్కడనుకున్నావు? జనం నడిచే కాలిబాటల పక్కనే. మనుషులు, తెగిన తలలు, లామాలు (ఒంటె జాతి పెంపుడు జంతువులు). దారిన పోయేవాళ్లు చూడాలనే వేసిన బొమ్మలవి.

ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకు. వీడియో చూడటం నీ తప్పు కాదు. కానీ "వీళ్ల వల్ల ఎక్కడవుతుంది" అనే మాటకు ఒక చరిత్ర ఉంది. అది తెలుసుకో.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో మిసిసిపీ నదికి తూర్పు వైపున, సెయింట్ లూయిస్ నగరానికి ఎదురుగా కహోకియా అనే చోటు ఉంది. 1050 ప్రాంతం నుంచి అదొక పెద్ద పట్నం. అక్కడ మాంక్స్ మౌండ్ అనే మట్టి దిబ్బ దాదాపు 30 మీటర్ల ఎత్తు ఉంటుంది. మా అమ్మాయి కారులో తీసుకెళ్లింది. మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి సగంలో కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తట్టలేదు: నా కింద ఉన్న ప్రతి పిడికెడు మట్టీ ఒక మనిషి మోసుకొచ్చిందే. వాళ్లకు ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి లేదు. అలాంటి దిబ్బల్ని నిలువునా కోసి చూస్తే గంపకూ గంపకూ మట్టి రంగు మారడం కనిపిస్తుంది. ఒక గంప నల్లగా, దాని పక్కది పసుపుగా. ఎవరు ఎక్కడ కుమ్మరించి వెనక్కి తిరిగారో తెలిసిపోతుంది.

అలాంటి దిబ్బల్ని చూసి 19వ శతాబ్దంలో అక్కడి తెల్లవాళ్లు ఏమన్నారంటే, ఇవి ఇండియన్లు (అక్కడి ఆదివాసులను అలా పిలిచేవారు) కట్టినవి కావు, ఎప్పుడో అంతరించిపోయిన ఇంకేదో గొప్ప జాతి కట్టింది అని. 1830లో ఇండియన్లను వాళ్ల నేల నుంచి తరిమేసే చట్టం తెచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటుకు పంపిన సందేశంలో సరిగ్గా ఈ మాటే ఎత్తాడు. ఇప్పటి తెగలకు చోటివ్వడానికి ఒక పాత గొప్ప జాతి పోయిందట, కాబట్టి ఇప్పుడు వీళ్లు పోయినా పెద్ద విషయం కాదట. చివరికి 1894లో స్మిత్‌సోనియన్ సంస్థ తరఫున సైరస్ థామస్ అనే ఆయన పెద్ద నివేదిక రాసి, ఈ దిబ్బలు కట్టింది ఇండియన్ల పూర్వీకులేనని తేల్చాడు. ఈలోగా సెయింట్ లూయిస్‌లో ఉన్న పెద్ద దిబ్బను 1869 నాటికే నేలమట్టం చేసి ఆ మట్టిని రైలు కట్టకు వాడేశారు.

అంతరించిన జాతి స్థానంలో ఇవాళ గ్రహాంతరవాసులు వచ్చారు, అంతే తేడా. అందుకే నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: పెరూ కొండల మీది పాత ఊరు మచు పిచ్చును 1911లో అమెరికా నుంచి వచ్చిన హైరమ్ బింగమ్ కనుక్కున్నాడని జీకే పుస్తకంలో ఉంది. ఇది సరైనదేనా సార్?
– పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి

పరీక్షలో అదే జవాబు రాయమ్మా, మార్కు పోగొట్టుకోకు. అసలు జరిగింది మాత్రం ఇది. 1911 జులై 24న బింగమ్‌కు దారి చూపించింది మెల్చోర్ ఆర్తేగా అనే స్థానిక రైతు. పైకి వెళ్లేసరికి ఒకప్పుడు ఇంకా సామ్రాజ్యపు జనం కట్టిన మెట్ల పొలాల్లో రైతు కుటుంబాలు సేద్యం చేసుకుంటున్నాయి. వాళ్లే దాహానికి నీళ్లిచ్చారు, ఒక చిన్న పిల్లవాడు శిథిలాల్లోకి చేయి పట్టుకుని తీసుకెళ్లాడు. అక్కడి గోడ మీద "లిసారాగా, 1902" అని బొగ్గుతో రాసి ఉంది. తొమ్మిదేళ్ల ముందే ఇంకో పెరూ ఆయన వచ్చి వెళ్లాడన్నమాట. బింగమ్ ఆ ఊరిని లోకానికి పరిచయం చేశాడు, అది చిన్న పని కాదు. అక్కడ దొరికిన వేల వస్తువులను యేల్ విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్లాడు కూడా. పెరూ పోరాడగా పోరాడగా నూరేళ్ల తర్వాత, 2011, 2012లలో అవి తిరిగి వచ్చాయి.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మధ్య అమెరికాలోని మాయా లిపిని ఇప్పుడు చదవగలుగుతున్నారని విన్నాను. రెండు భాషల్లో రాసిన శాసనం ఒక్కటీ లేకుండా దాన్ని ఎలా ఛేదించారు?
– విశ్రాంత తెలుగు పండితులు

మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం వేసింది. ఎందుకంటే ఈ కథ గుణింతం దిద్దినవాళ్లకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు.

కథ ఒక మంట దగ్గర మొదలవుతుంది. 1562 జులైలో, ఇప్పటి మెక్సికోలో ఉన్న యుకటాన్‌లోని మనీ అనే ఊళ్లో, స్పెయిన్ నుంచి వచ్చిన డియేగో డి లాండా అనే క్రైస్తవ సన్యాసి మాయా పుస్తకాలను పోగేసి తగలబెట్టించాడు. వాటిలో ఉన్నదంతా మూఢనమ్మకాలూ సైతాను అబద్ధాలూ అని, కాలుస్తుంటే ఆ జనం విపరీతంగా బాధపడ్డారని ఆయనే రాసుకున్నాడు. చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద రాసిన ఆ పుస్తకాల్లో ఇవాళ లోకం మొత్తం మీద మిగిలినవి నాలుగు.

అదే లాండా మాయావాళ్ల ఆచారాల గురించి ఒక గ్రంథం కూడా రాశాడు. అందులో వాళ్ల అక్షరమాల అంటూ కొన్ని గుర్తులు ఎక్కించాడు. వాటిని ఎలా సేకరించాడో చూడండి. చదువుకున్న ఒక మాయా మనిషిని కూర్చోబెట్టి స్పానిష్ అక్షరాల పేర్లు ఒక్కొక్కటే పలికాడు. స్పానిష్‌లో "బ్" అక్షరం పేరు "బే". లాండా అడిగింది "బ్" కోసం, ఆ మనిషికి వినిపించింది "బే". మాయా భాషలో "బే" అంటే దారి. ఆయన దారి మీద ఒక పాదముద్ర గీసి ఇచ్చాడు. లాండా అదే "బ్" అనుకుని రాసుకున్నాడు. మనలో ఎవరినైనా "క్" రాయమంటే పొల్లు పెట్టి రాస్తాం, "కే" అంటే ఏత్వం ఇచ్చి రాస్తాం. ఆ తేడా లాండాకు తట్టలేదు.

చివర్లో ఏదైనా వాక్యం రాసి చూపించమన్నాడు. ఆయన "మా ఇన్ కాతి" అని రాశాడు. "నాకు ఇష్టం లేదు" అని అర్థం. లాండా దాన్నీ ఉన్నదున్నట్టు పుస్తకంలో పెట్టాడు. నేను ఈ చోటికి వచ్చిన ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు ఊరుకుంటాను.

లాండా గ్రంథం ప్రతి ఒకటి 1862లో మాడ్రిడ్‌లో దొరికింది. దొరికిన వెంటనే అందరూ ఆ గుర్తుల్ని ఏబీసీడీల్లా పెట్టి చదవబోయారు. ఏమీ కుదరలేదు. లాండా రాసింది ఎందుకూ పనికిరాదని పక్కన పడేశారు. అప్పుడు 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ నొరొజొవ్ అనే ముప్పై ఏళ్ల పరిశోధకుడు అసలు మాట చెప్పాడు. ఇవి ఒంటి అక్షరాలు కావు, గుణింతాక్షరాలు. వాటితో పాటు పూర్తి పదాన్ని చెప్పే గుర్తులూ కలిసి ఉన్నాయి అని. అప్పటికి ఆయన మాయా దేశం మొహమే చూడలేదు.

ఆయన చూపించిన ఉదాహరణ ఇది. మిగిలిన పుస్తకాల్లో సీమకోడి (టర్కీ కోడి) బొమ్మ పైన రెండు గుర్తులు ఉన్నాయి. మొదటిది లాండా పట్టికలోని "కు". రెండోది ఏమిటో తెలియదు. యుకటాన్ మాయాలో సీమకోడిని "కుచ్" అంటారు (ఈ చకారాన్ని మనం చుక్క, చాప అనేటప్పుడు పలికే దంత్య చకారంగా పలకండి). అంటే రెండో గుర్తు "చు" కావాలి. సరే, ఇది ఊహే. ఇప్పుడు కుక్క బొమ్మ చూద్దాం. దాని పైనా రెండు గుర్తులు. మొదటిది ఏమిటంటే, సీమకోడి పేరులో రెండోదిగా వచ్చిన ఆ గుర్తే! రెండోది లాండా "ల్" అని రాసుకున్నది. మాయా భాషలో కుక్కకు పాత పేరు "చుల్". చు, లు. తాళంలో తాళంచెవి తిరిగినట్టు తిరిగింది.

మీకు వెంటనే ఒక సందేహం వస్తుంది: మరి చివరి ఉకారం ఏమైంది? వాళ్ల లిపిలో పొల్లు గుర్తు లేదు. పదాలేమో హల్లుతో ముగుస్తాయి. అందుకని ముందున్న అచ్చునే చివర కూడా రాసి, చదివేటప్పుడు వదిలేసేవారు. "కు-చు" అని రాస్తారు, "కుచ్" అని చదువుతారు. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడ్డ మనకు ఇది తమాషాగా ఉంటుంది గానీ పట్టుకోవడం కష్టం కాదు.

ఆ రంగంలో పెద్ద దిక్కుగా ఉన్న ఎరిక్ థాంప్సన్ 1975లో పోయేదాకా నొరొజొవ్ మాటను ఒప్పుకోలేదు. ఈలోగా 1960లో తతియానా ప్రొస్కురియాకాఫ్ అనే ఆవిడ ఇంకో వైపు నుంచి తలుపు తెరిచింది. పియెద్రాస్ నెగ్రాస్ అనే ఊళ్లోని నిలువు రాళ్ల మీది తేదీలను వరసగా పేర్చి చూసింది. మూతి పైకెత్తిన కప్ప గుర్తు ఒక తేదీ దగ్గర, దవడకు కట్టుకట్టినట్టున్న పక్షి తల గుర్తు కొన్నేళ్ల తర్వాతి తేదీ దగ్గర వస్తున్నాయి. ఒక్కో వరస ఒక మనిషి జీవితమంత పొడవు. మొదటిది పుట్టిన రోజు, రెండోది పట్టాభిషేకం. రాళ్ల మీద ఉన్నది దేవుళ్ల పంచాంగం అని అప్పటిదాకా అందరూ నమ్మారు. ఆవిడ వాటిలో రాజులనూ రాణులనూ వాళ్ల పిల్లలనూ చూపించింది.

ఇవాళ ఆ శాసనాల్లో ఎక్కువ భాగం చదవగలుగుతున్నారు. మాయా భాషలు లక్షల మంది ఇళ్లలో ఇప్పటికీ మాట్లాడే భాషలు. వాళ్ల యువకులు ఇప్పుడు ఆ లిపిని మళ్లీ దిద్దుకుంటున్నారు.

ప్రశ్న: వైకింగులు కొలంబస్ కంటే ముందే, 1021లో అమెరికాలో ఉన్నారని చదివాను. వెయ్యేళ్ల కిందటి సంగతికి ఏడాదితో సహా ఎలా చెప్పగలరు?
– ఒక ఇంజినీరు

చెట్టు వల్ల చెప్పగలిగారు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉత్తరపు కొసన లాన్స్ ఓ మెడోస్ అనే పల్లె ఉంది. 1960లో నార్వే నుంచి హెల్గె ఇంగ్‌స్టాడ్ వెతుక్కుంటూ వస్తే, పాత ఇళ్ల ఆనవాళ్లేమైనా ఉన్నాయా అని అడిగిన మీదట, అక్కడి ఒకాయన గడ్డి మొలిచిన గట్లు చూపించాడు. ఆయన భార్య ఆన్ స్టీన్ తవ్వకాలు నడిపింది. నార్స్ వాళ్ల, అంటే వైకింగుల, ఇళ్ల పునాదులు, కంచు పిన్ను, ఇనుము కరిగించిన జాడలు బయటపడ్డాయి.

ఏడాది సంగతి 2021లో తేలింది. 993లో సూర్యుడి నుంచి ఒక పెద్ద తుఫాను వచ్చింది. దానివల్ల ఆ ఒక్క ఏడాది పెరిగిన చెట్టు వలయంలో, ప్రపంచంలో ఏ మూలైనా సరే, రేడియో కార్బన్ (కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్) ఒక్కసారిగా ఎక్కువగా ఉంటుంది. లాన్స్ ఓ మెడోస్‌లో మూడు వేర్వేరు చెట్ల చెక్క ముక్కలు తీసుకున్నారు. మూడింటినీ లోహపు కత్తితో నరికిన గుర్తులున్నాయి. అక్కడి స్థానిక జనం దగ్గర అప్పట్లో అలాంటి పనిముట్లు లేవు. ప్రతి ముక్కలోనూ 993 వలయం ఎక్కడుందో పట్టుకుని, అక్కడి నుంచి బెరడు దాకా లెక్కపెట్టారు. 28 వలయాలు. మూడింటిలోనూ అదే లెక్క.

ప్రశ్న: అమెరికాలో మనుషులు మొదట ఎప్పుడు అడుగుపెట్టారన్నదానికి ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉంది. పిల్లలకు ఏం చెప్పమంటారు సార్?
– ఒక సోషల్ టీచర్

లెక్క మారుతూ వచ్చిందని చెప్పండి. ఎలా మారిందో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, నేను చూశాను.

జార్జి మెక్‌జంకిన్‌తో మొదలుపెట్టండి. నల్లజాతి మనిషి, టెక్సాస్‌లో బానిసగా పుట్టాడు. స్వేచ్ఛ వచ్చాక పశువులు కాసే పనిలో చేరి, తనంతట తాను చదువు నేర్చుకుని, న్యూ మెక్సికోలో ఒక పెద్ద పశువుల క్షేత్రానికి మేస్త్రీ అయ్యాడు. 1908 ఆగస్టులో ఫోల్సమ్ ఊరిని వరద ముంచేసింది. తర్వాత కంచె బాగుచేయడానికి వెళ్లినప్పుడు, కోసుకుపోయిన వాగు గట్టులో లోతున ఎముకలు కనిపించాయి. మామూలుగా అయితే ఎవరైనా చూసి వెళ్లిపోతారు. ఆయన ఆగాడు. జీవితమంతా పశువుల మధ్య బతికినవాడు కదా, ఇవి ఇప్పటి అడవి దున్న ఎముకలు కావు, చాలా పెద్దవి అని గుర్తుపట్టాడు. ఇంత లోతున ఉన్నాయంటే చాలా పాతవై ఉండాలనీ అనుకున్నాడు. కనిపించినవాళ్లకల్లా చెప్పాడు. 1922లో ఆయన పోయేదాకా ఎవరూ వచ్చి తవ్వలేదు.

పోయిన తర్వాత డెన్వర్ మ్యూజియం వాళ్లు వచ్చారు. 1927లో ఆ అంతరించిన దున్న పక్కటెముకల మధ్య రాతి బల్లెం మొన కనిపించింది. దాన్ని పీకలేదు. ఎక్కడిది అక్కడే ఉంచి టెలిగ్రాములు కొట్టి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల్ని రప్పించి చూపించారు. మనుషులు అమెరికా చేరి మూడు నాలుగు వేల ఏళ్లకు మించి కాలేదని అప్పటిదాకా పట్టుబట్టినవాళ్లకు ఇక మాట లేకపోయింది. ఆ దున్నలు 12 వేల ఏళ్ల నాటివి. తర్వాత అదే రాష్ట్రంలో క్లోవిస్ దగ్గర దొరికిన మొనలతో లెక్క 13 వేలకు వెళ్లింది. చాలాకాలం అక్కడే ఆగిపోయింది.

2021లో అదే న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ దగ్గర, ఎండిపోయిన సరస్సు అంచున దొరికిన అడుగుల గుర్తులు 21 వేల నుంచి 23 వేల ఏళ్ల నాటివని ప్రకటించారు. ఆ పొరల్లోని నీటి మొక్కల గింజల్లో మిగిలిన రేడియో కార్బన్‌ను బట్టి కట్టిన లెక్క అది. నీటి మొక్కలు నీటిలో కరిగి ఉన్న పాత కార్బన్‌ను పీల్చుకుంటాయి, అందుకే వయసు ఎక్కువ చూపిస్తుందేమో అని కొందరు అభ్యంతరం చెప్పారు. సబబైన అభ్యంతరమే. దాంతో 2023లో దేవదారు జాతి చెట్ల పుప్పొడితో ఒకసారి, ఇసుక రేణువుల మీద చివరగా వెలుతురు పడిన కాలం కొలిచి ఇంకోసారి చూశారు. లెక్క మారలేదు.

అక్కడిదే ఇంకో జాడ ఉంది. దాని వయసు తక్కువే, 10 వేల ఏళ్లకు పైమాట, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఒక మనిషి, బహుశా ఆడమనిషి, బురదలో గబగబా నడిచి వెళ్లింది. కిలోమీటరున్నర దూరం. అక్కడక్కడా ఆ అడుగుల పక్కన రెండు మూడేళ్ల పిల్ల అడుగులు హఠాత్తుగా కనిపిస్తాయి, మళ్లీ మాయమవుతాయి. ఎత్తుకుని నడుస్తోంది. చేయి నొప్పి పుట్టినప్పుడు దించింది, మళ్లీ ఎత్తుకుంది. కొన్ని చోట్ల కాలు జారింది. అదే దారిలో ఆ మనిషి తిరిగి వచ్చిన అడుగులూ ఉన్నాయి. తిరుగు దారిలో పిల్ల అడుగులు లేవు. మధ్యలో ఏనుగు లాంటి మామత్ ఒకటి ఆ దారిని దాటి ఏమీ పట్టనట్టు వెళ్లిపోయింది. పెద్ద స్లాత్ (ఇప్పుడు అంతరించిపోయిన ఒక భారీ జంతువు) ఒకటి మాత్రం మనిషి వాసన తగిలిందో ఏమో, వెనక కాళ్ల మీద లేచి చుట్టూ తిరిగి చూసింది.

ఇది క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పండి. పిల్లను ఎక్కడ దించిందో పిల్లల్నే కనిపెట్టమనండి.

ప్రశ్న: నేను పురావస్తు శాస్త్రం చదివి దక్షిణ అమెరికాలో పనిచేయాలనుకుంటున్నాను. ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?
– బీఏ విద్యార్థిని

స్పానిష్ మొదలుపెట్టు తల్లీ, ఇవాళే. ఆండీస్ కొండల వైపు మనసుంటే తర్వాత అక్కడి జనం భాష కెచువా కూడా. పెన్సిలుతో ఉన్నది ఉన్నట్టు గీయడం అలవాటు చేసుకో, కెమెరాలు ఎన్ని వచ్చినా తవ్వకంలో చేతిబొమ్మ విలువ పోలేదు. ఎముకలు, గింజలు, మట్టి పొరలు, ఏదో ఒకదానిలో లోతుకు వెళ్లు. ఇంట్లో వద్దంటున్నారని రాశావు. ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించు.

ప్రశ్న: మాస్టారు గారూ, చనిపోయినవాళ్లు మట్టిలో కలిసి నిద్రపోతుంటే తవ్వి బయటికి తీయడం పాపం కాదా? మ్యూజియంలో అస్థిపంజరాలు చూసినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది.
– ఒక గృహిణి

అమ్మా, ఈ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు మూడుసార్లు రాసి చింపేశాను. నాకు తెలిసిన ముగ్గురి సంగతి చెబుతాను.

మొదటిది ఒక ఆడపిల్ల. 1607లో ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ కోట కట్టారు. 1609 చలికాలంలో తిండి అయిపోయింది. దాదాపు మూడు వందల మందిలో వసంతం నాటికి అరవై మంది మిగిలారు. గుర్రాల్ని, కుక్కల్ని, చివరికి శవాలనూ తిన్నారని అప్పటివాళ్లు రాశారు గానీ నిజమో కాదో అని చరిత్రకారులు తగువులాడుకునేవారు. 2012లో కోటలోని ఒక నేలమాళిగలో, గుర్రం ఎముకలూ కుక్క ఎముకలూ పడేసిన చెత్తలో, ఒక పుర్రె ముక్కలు, కాలి ఎముక దొరికాయి. పధ్నాలుగేళ్ల పిల్ల. నుదుటి మీద నాలుగు గాట్లు. లోతుగా దిగలేదు, దగ్గర దగ్గరగా ఉన్నాయి. పరీక్షించిన స్మిత్‌సోనియన్ శాస్త్రజ్ఞుడు డగ్లస్ ఔస్లీ, కొట్టిన చేయి తటపటాయించిందని చెప్పాడు. ఆ పిల్ల చనిపోయాకే ఇది జరిగింది. ఆమె పేరు ఎవరికీ తెలియదు, జేన్ అని పిలుచుకుంటున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. పధ్నాలుగేళ్ల పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమెను తవ్వి తీయకపోతే ఆమె ఆ చెత్తలోనే ఉండేది. ఇక్కడ నేను తవ్వినవాళ్ల వైపు.

రెండోవాడు 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున బయటపడ్డాడు. సుమారు తొమ్మిది వేల ఏళ్ల నాటి మనిషి. శాస్త్రజ్ఞులు కెనెవిక్ మనిషి అన్నారు, అక్కడి తెగలు మా ప్రాచీనుడు అన్నాయి. మావాడు, మట్టి చేసుకుంటాం, ఇచ్చేయండి అని అడిగితే, పుర్రె ఆకారం మీవాళ్లలా లేదు అన్నారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది, కోర్టు శాస్త్రజ్ఞుల పక్షానే తీర్పిచ్చింది. 2015లో డీఎన్ఏ తీసి చూస్తే దగ్గరి చుట్టరికం అమెరికా ఆదివాసులతోనే అని తేలింది. తెగల పెద్దలు మొదటి రోజు నుంచీ చెప్పిన మాట అది. 2017 ఫిబ్రవరిలో రెండు వందల మందికి పైగా కలిసి ఎక్కడో బయటికి చెప్పని చోట ఆయన్ని తిరిగి మట్టి చేశారు. ఇక్కడ నేను తెగల వైపు. ఆ ఇరవై ఏళ్లూ ఆయన అట్టపెట్టెల్లో ఉండనక్కర్లేదు.

మూడోది న్యూయార్క్. అక్కడికి నేను వెళ్లాను. 1991లో నగరం నడిబొడ్డున ప్రభుత్వ ఆఫీసు భవనానికి పునాది తవ్వుతుంటే దాదాపు ఇరవై అడుగుల లోతున సమాధులు కనిపించాయి. 1794 దాకా ఆఫ్రికన్లను, బానిసలనూ స్వేచ్ఛ పొందినవాళ్లనూ, పూడ్చిన చోటు అది. ఊరి హద్దుకు అవతల ఉండేది. రాత్రి పూట పూడ్చకూడదని, పన్నెండు మందికి మించి రాకూడదని అప్పటి ఊరి చట్టాలు. మొత్తం పదిహేను వేల మంది ఉంటారని అంచనా. భవనం పని ఆగకుండా ఎముకల్ని గబగబా తీసేస్తుంటే నల్లజాతి జనం వీధిలోకి వచ్చి అడ్డుపడ్డారు. తవ్వకం ఆగింది. అప్పటికే తీసిన 419 మందిని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి, మైకేల్ బ్లేకీ అనే నల్లజాతి శాస్త్రజ్ఞుడి చేతికి అప్పగించారు. ఏం తెలుసుకోవాలో ముందు ఆ జనాన్నే అడిగి పరిశోధన మొదలుపెట్టాడు ఆయన. వాళ్లెక్కడి నుంచి వచ్చారు, ఎలా బతికారు, ఎలా పోయారు అన్నవే జనం అడిగిన ప్రశ్నలు. పదిమందిలో ఇంచుమించు నలుగురు పిల్లలు. పెద్దవాళ్ల ఎముకలకు కండరం అంటుకునే చోట చీలికలు, మోయలేని బరువులు మోసినందుకు. పని పూర్తయ్యాక, 2003 అక్టోబరులో, ఘనా దేశంలో చేతితో చెక్కిన పెట్టెల్లో పెట్టి అదే చోట మళ్లీ పూడ్చారు.

ఇప్పుడక్కడ చుట్టూ పెద్ద పెద్ద భవనాల మధ్య పచ్చగడ్డి పెరిగిన ఏడు చిన్న దిబ్బలున్నాయి. మేం వెళ్లింది మధ్యాహ్నం. ఆఫీసుల వాళ్లు పక్క నుంచి నడిచిపోతున్నారు. లోపల మ్యూజియంలో 340వ నంబరు సమాధి గురించి చదివాను. వయసు మళ్లిన ఆడమనిషి. ముందు పళ్లు ఆఫ్రికాలో చేసినట్టు చెక్కి ఉన్నాయి, అంటే ఆమె పుట్టింది సముద్రానికి అవతల. నడుము చుట్టూ వందకు పైగా పూసల దండ, గాజు పూసలు, కొన్ని గవ్వలు. తన చేతికి చిక్కిన ఒక్కో పూసా ఆమె ఎలా దాచుకుందో, దాచుకోగలిగిందో! పోయినప్పుడు ఆ పన్నెండు మందిలో ఎవరో ఒకరు, పూసలకు విలువ ఉన్న ఊళ్లో, దాన్ని తీసేసుకోకుండా ఆమె నడుముకే ఉంచి పంపించారు.

బయటికి వచ్చి ఆ గడ్డి దిబ్బల దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాను. మా అమ్మాయి కూడా ఏమీ అడక్కుండా తన బూట్లు విప్పింది.